పడమటి గాలి లెక్క



ఏ మాస్టారి పేరు మీద ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆయన మనకు భూగోళం చెప్పారు. బడి ఆవరణలో వానమాపకం పెట్టించి, పొద్దున ఎనిమిదిన్నరకు పిల్లల చేత లెక్క రాయించేవారు. ఆ నోటు పుస్తకంలో వాన గడి పక్కన ఇంకో గడి ఉండేది. గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది, ఆకు మాత్రమే కదులుతోందా, కొమ్మ ఊగుతోందా, దుమ్ము లేస్తోందా అన్నది అందులో రాయాలి. వాన లేని రోజున కూడా ఆ గడి ఖాళీగా ఉండకూడదని ఆయన పట్టు. ఆయన స్మృతికి గాలి గురించి మాట్లాడటమే తగిన నివాళి అనిపించింది.

ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల కరువు మీద చాలా రాశారు, చాలా చెప్పారు. అందులో దాదాపు అంతా వాన లెక్కే. ఇన్ని మిల్లీమీటర్లు పడాలి, ఇన్ని పడ్డాయి, ఇంత లోటు. వాన దానంతట అది రాదు కదా. తేమను మోసుకొచ్చేది గాలి. మబ్బును మన మీదుగా దాటించుకుపోయేదీ గాలే. పడిన కాస్త తడిని వారం పది రోజుల్లో ఆరబెట్టేసేదీ అదే. గత అరవై డెబ్బై ఏళ్లలో ఆ గాలి నడక మారింది. ఆ మార్పు తెలుసుకోకుండా మనం వేసుకునే పంటల లెక్క, సర్కారు వేసే కరువు లెక్క రెండూ సగం లెక్కలే అని నా గట్టి నమ్మకం.

ముందు ఈ గాలి ఎక్కడిదో చూద్దాం. భూమధ్యరేఖకు బాగా దక్షిణాన, మడగాస్కర్‌కు తూర్పున మాస్కరీన్ దీవులున్నాయి. మనకు ఎండాకాలమైనప్పుడు అక్కడ చలికాలం. ఆ చుట్టుపక్కల సముద్రం మీద గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఇటు మన నేల కాగి ఒత్తిడి తగ్గుతుంది. అక్కడి గాలి ఉత్తరానికి కదిలి, ఆఫ్రికా తూర్పు కొండల అంచును ఒరుసుకుంటూ కెన్యా, సోమాలియా తీరాల దగ్గర భూమధ్యరేఖ దాటుతుంది. దాటాక భూభ్రమణ ప్రభావంతో కుడి వైపుకు మళ్లి, అరేబియా సముద్రం మీద తేమ నింపుకొని నైరుతి దిక్కు నుంచి మన మీదికి వస్తుంది. ఆఫ్రికా తీరం నుంచి ఈ ప్రవాహం మొత్తాన్ని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఫిండ్లేటర్ 1969లో వివరించాడు. అంతకు మూడేళ్ల ముందే, 1966లో, మన వాతావరణ శాఖలో పనిచేసిన పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ ఇద్దరూ దక్షిణ భారతం మీద జూలైలో, సముద్రమట్టానికి కిలోమీటరున్నర ఎత్తున, ఒక పడమటి జెట్ ప్రవాహం ఉందని తేల్చి చెప్పారు. ఏటి మధ్యలో నీరు ఒడ్డు నీటి కంటే వడిగా పారినట్టు, గాలి మధ్యలో ఇంకో వడి గాలి.

ఈ సంగతి మనకెందుకు? ఆదోని 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఎమ్మిగనూరు దానికి కాస్త పైన. రుతుపవనాలు చురుగ్గా ఉన్న రోజుల్లో ఈ జెట్ నడిభాగం సుమారు 12.5, 17.5 డిగ్రీల మధ్య ద్వీపకల్పాన్ని దాటుతుందని జోసెఫ్ తర్వాతి పరిశోధనల్లో తేలింది. అంటే మన ఊళ్లు ఆ దారికి సరిగ్గా కింద ఉన్నాయి. మనకు కిలోమీటరు పైన దక్షిణ భారతపు రుతుపవన ప్రవాహంలో అతి వడి అయిన పాయ పోతుంటుంది. రుతుపవనాలు అలిసి విరామం వచ్చిన రోజుల్లో అదే పాయ దక్షిణానికి జారి, మన దేశాన్ని తప్పించి, 10 డిగ్రీల కిందుగా తూర్పుకు వెళ్లిపోతుంది.

ఆకాశంలో ఇంకా పైన, 14, 15 కిలోమీటర్ల ఎత్తున, దీనికి ఎదురుగా తూర్పు నుంచి పడమరకు మరో జెట్ వీస్తుంది. దాన్ని 1950లలో ప్రపంచానికి తెలియజెప్పినవారు తెలుగువారైన పంచేటి కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండాల్సినంతగా లేదు. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి రెండూ బలంగా ఉంటేనే రుతుపవన యంత్రం సరిగ్గా తిరుగుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ ప్రయోగశాల రాడార్ ఈ పై గాలులను 1990ల నుంచి కనిపెట్టి చూస్తోంది.

ఇక నేల మీదికి వద్దాం. అరేబియా తేమను ముందుగా పడమటి కనుమలు పట్టేసుకుంటాయి. శివమొగ్గ జిల్లా ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన. కనుమ దిగి, బళ్లారి మైదానం దాటి మన దాకా వచ్చేసరికి గాలి కిందికి దిగుతూ వేడెక్కి ఎండిపోతుంది. మన వాటా ఏడాది మొత్తానికి ఆరు వందల మిల్లీమీటర్లు, అటూ ఇటూ.

ఆషాఢ మాసంలో ఆస్పరి వైపు ఏ చేని గట్టు మీద నిలబడ్డా ఈ పాఠం కళ్ల ముందే ఉంటుంది. బూడిద రంగు మబ్బులు కిందుగా, ఒకదాని వెంట ఒకటి తూర్పుకు పరుగెత్తుతుంటాయి. నీడ వచ్చి పోతుంటుంది, చినుకు రాలదు. రెండాకుల పత్తి మొలక తూర్పుకు వాలి ఉంటుంది, దాని మొదలు చుట్టూ గాలి ఊపుకు చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలోంచే తడి పోతుంది. గుంటక పాసిన ఎర్రనేలలో సన్నటి మట్టి లేచి పక్క చేని గట్టుకు అతుక్కుంటుంది. ఇంకాస్త పడమరకు, హగరి ఒడ్డున అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు పోయి చూడండి. ఈ పడమటి గాలి ఏటి ఇసుకను ఎత్తి తెచ్చి పొలాల మీద దిబ్బలుగా పోసింది. ఆంధ్రలో ఎడారి అని పత్రికలు రాసే చోటు అది. ఆ దిబ్బలు పెరిగే దిక్కే గాలి దిక్కు.

మరి మన వాన ఎప్పుడు? గాలి సద్దుమణిగాక. గాలి ఆగితేనే వాన అని మన పెద్దలు చెప్పిన మాటలో శాస్త్రం ఉంది. జూలైలో పడమటి గాలి జోరుకు మబ్బు నిలువుగా పెరగలేదు, పెరిగినా నిలవలేదు. ఆగస్టు చివరికి ఆ జోరు తగ్గుతుంది. మధ్యాహ్నపు ఎండకు లేచిన మబ్బు కుదురుగా పేరుకొని, సాయంత్రం ఉరుములతో కురుస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే తూర్పు తేమ కూడా తోడవుతుంది. అందుకే మన దగ్గర ఏడాదిలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. ముంగారి పంటకు, అంటే ఖరీఫ్‌కు, వాన కావలసిన నెల జూలై. ఈ రెండు నెలల మధ్య దూరంలోనే మన సేద్యం కష్టమంతా ఉంది.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే బయటివారికి ఇది తొందరగా అర్థం కాదు. మనకు రెండు నీళ్లున్నాయి. ఒకటి చేని మీద పడే వాన. రెండోది తుంగభద్ర దిగువ కాలువలో వచ్చే నీరు. ఆ కాలువ కింద ఆంధ్రకు 24 టీఎంసీల కేటాయింపు. ఆ నీరు చిక్కమగళూరు, శివమొగ్గ కొండల్లో కురిసిన వాన. జూలైలో గాలి జోరుగా ఉంటే తుంగ, భద్ర పొంగుతాయి, హొసపేట దగ్గర డ్యాము నిండుతుంది, కాలువ కింద రైతు నారు పోసుకుంటాడు. అదే జూలైలో ఆస్పరి, దేవనకొండ, తుగ్గలి మెట్ట రైతు మబ్బుల పరుగునూ, బెట్టకు ఎండే పైరునూ చూస్తూ కూర్చుంటాడు. గాలి తగ్గి విరామం వస్తే కనుమల్లో వాన పడిపోతుంది, డ్యాముకు వరద తగ్గుతుంది. కానీ ఆ విరామపు రోజుల్లోనే దక్షిణాన, రాయలసీమలో ఉరుముల వానలు పడటం వాతావరణ శాస్త్రం ఎప్పటి నుంచో గుర్తించిన విషయం. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని కాదు. గాలి మరీ నీరసిస్తే తేమే రాదు, రెండు నీళ్లూ పోతాయి. ఒకే ఊళ్లో కాలువ కింద అన్న, మెట్ట మీద తమ్ముడు ఒకే గాలి నుంచి వేరు వేరు వరాలు కోరుకోవలసి వస్తోంది. ఈ పొత్తు కుదరని ఊళ్లలో గాలి మారితే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

2005లో అదే జోసెఫ్ గారు, అనూ సైమన్‌తో కలిసి కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. 1950 నుంచి దక్షిణ భారతం మీదుగా, అంటే 10, 20 డిగ్రీల అక్షాంశాల మధ్య, రుతుపవన ప్రవాహం బలం తగ్గుతూ వస్తోందని అందులో చూపారు. తగ్గుదల అర్ధ శతాబ్దంలో దాదాపు 20 శాతం. దాంతోపాటు విరామపు రోజులు పెరుగుతున్నాయని కూడా గమనించారు. కోటేశ్వరం గారు కనిపెట్టిన పై జెట్ కూడా ఆ దశాబ్దాల్లో బలహీనపడిందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. నేల దగ్గరి గాలి సంగతికొస్తే, 1961, 2008 మధ్య దేశంలోని వాతావరణ కేంద్రాల రికార్డుల్లో వేగం తగ్గుతూ వచ్చింది. 2018లో హార్వర్డ్ పరిశోధకులు గాలిమరల విద్యుత్తు కోణం నుంచి ఇదే ప్రశ్న వేసుకున్నారు. భారతదేశంలో పవన విద్యుత్తులో 63 శాతం వసంతం, వానాకాలపు గాలుల నుంచే వస్తుందనీ, నలభై ఏళ్లలో ఆ సామర్థ్యం సుమారు 13 శాతం తగ్గిందనీ, హిందూ మహాసముద్రం వేడెక్కడం దీనికి కారణమనీ వారి నిర్ధారణ. మన కొండల మీద మరలు నాటినవారు ఈ లెక్క చదివే ఉంటారు. ఆ మరల నీడన సేద్యం చేసేవారికి ఎవరూ చదివి వినిపించలేదు.

కారణం పెద్ద చిక్కుముడేమీ కాదు. నేల బాగా కాగి, సముద్రం చల్లగా ఉంటే రెండింటి మధ్య తేడా గాలిని లాగుతుంది. 1951, 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర ఒక డిగ్రీ వేడెక్కింది. సముద్రాలన్నింటిలో ఇది వేగంగా వేడెక్కుతున్న వాటిలో ఒకటి. ఇటు నేల మీద పొగ, దుమ్ము, మసి ఎక్కువై ఎండ కొంత అడ్డుపడుతోంది. తేడా తగ్గితే లాగుడు తగ్గుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2015లో ఇదే చూపారు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వేసిన నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 వరకు దేశంలో నైరుతి వాన 6 శాతం తగ్గింది. 1951-1980 కాలంతో పోలిస్తే 1981-2011లో వానాకాలం మధ్యలో వచ్చే ఎండు రోజుల విడతలు 27 శాతం పెరిగాయి.

బలం తగ్గడం ఒక మార్పు. దారి తప్పడం రెండోది. భూమి వేడెక్కే కొద్దీ ఈ పడమటి జెట్ ఉత్తరానికి జరుగుతుందని సందీప్, అజయమోహన్ 2015లో రాశారు. ఇప్పటికే ఆ జరుగుడు కనిపిస్తోందని వారి వాదన. అంటే 15.6 డిగ్రీల దగ్గర ఉండే మనకు నడిపాయ దూరమవుతుంది, గుజరాత్, రాజస్థాన్ వైపు తేమ పెరుగుతుంది. అటు కచ్, థార్ ప్రాంతాల్లో ఇటీవలి ఏళ్లలో పడుతున్న వానలు చూస్తే ఈ మాట కొట్టిపారేయలేం.

అయితే లెక్క చెప్పేవాడు రెండో పక్కా చెప్పాలి. 2002 తర్వాత మధ్య భారతంలో వాన తిరిగి పుంజుకుంటోందని 2017లో మరో బృందం రాసింది. నేల దగ్గరి గాలి వేగం కూడా 2010 నుంచి ప్రపంచమంతటా మళ్లీ పెరిగినట్టు 2019లో తేలింది. గాలిమాపకం చుట్టూ ఇళ్లు, చెట్లు లేస్తే వేగం తగ్గినట్టు కనిపించే అవకాశం కూడా ఉంది. కాబట్టి గాలి ఒకే దిక్కుగా, ఏటా ఇంత చొప్పున తగ్గిపోతోందని నేను చెప్పడం లేదు. నేను చెప్పేది ఇది: మన తాతలు కార్తెలు కట్టుకున్నప్పటి గాలి కాదిది. దాని నిలకడ పోయింది. జోరు రోజులు, విరామపు రోజులు మారిమారి వచ్చే వరస తప్పింది. మెట్ట రైతుకు మొత్తం కంటే వరసే ప్రాణం.

వరస తప్పితే ఎలా ఉంటుందో ఈ సభలో ఉన్నవారు చూశారు. 2002 జూలైలో దేశమంతటా కురవాల్సిన వాన సగానికి పడిపోయింది. 2023 ఆగస్టు, 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అతి పొడి ఆగస్టు, 36 శాతం లోటు. 2009 సంగతి వేరే చెప్పాలి. ఆ ఏడు నైరుతి కాలం దేశం మొత్తం మీద 22 శాతం లోటుతో ముగిసింది. సెప్టెంబరు చివరి దాకా మన దగ్గర కరువు మాటలే. నెలాఖరున అల్పపీడనం వచ్చి, కదలకుండా నిలిచి, తుంగభద్ర, హంద్రి, కృష్ణ పరీవాహకాల మీద కుమ్మరించింది. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. మంత్రాలయం మునిగింది. శ్రీశైలం డ్యాముకు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అది ఆ డ్యాము కట్టిన లెక్కకు మించిన వరద. నడిపించే గాలి లేక నిలిచిపోయిన మబ్బు ఎంత పని చేస్తుందో ఆ వారం చూపింది. కరువు సాయం కోసం అర్జీ రాసుకున్న చేత్తోనే వరద నష్టం అర్జీ కూడా రాసుకున్నాం.

కరువుకూ గాలికీ ఉన్న లంకె కోసం ప్రపంచం వెతకడం మొదలుపెట్టింది కూడా మన నేల మీది చావుల వల్లే. 1876, ధాత నామ సంవత్సరం. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది. అప్పుడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు వచ్చాయి. ఆ కరువు అతి దారుణంగా కొట్టిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు రెండూ ఉన్నాయి. 1875లోనే ఏర్పడిన భారత వాతావరణ శాఖను సర్కారు అడిగింది, రాబోయే వాన ముందే చెప్పగలరా అని. దాని అధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును చూసి 1880లలో తొలి సూచనలు ఇచ్చాడు. తర్వాత 1904లో ఆ పదవికి వచ్చిన గిల్బర్ట్ వాకర్ పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద ఒత్తిడి ఊగిసలాటను పట్టుకున్నాడు. ఎల్ నినో గురించి ఈనాడు ప్రతి వార్తాపత్రికా రాసే మాటలకు పునాది అదే.

ఇప్పుడు మన చేతిలో ఉన్నదాని గురించి. వాన ఎంత పడిందన్నది ఎంత ముఖ్యమో, దాని పదును ఎన్నాళ్లు నిలిచిందన్నది అంతే ముఖ్యం. ఎర్రనేలలో ఒక మంచి వాన పడి, తర్వాత గాలి నెమ్మదిగా ఉంటే విత్తనం మొలిచి వేరు దిగేదాకా తడి ఉంటుంది. అదే వాన పడి మర్నాటి నుంచి పడమటి గాలి జోరుగా, పొడిగా వీస్తే పైపొర ఆరిపోయి మొలక మధ్యలో చస్తుంది. రెండు చోట్లా వానమాపకంలో ఒకే అంకె. నల్లరేగడిలో ఇంకో చిక్కు, గాలికి నేల నెర్రెలు తీసి లోపలి తడి కూడా ఆ నెర్రెల్లోంచి పోతుంది. పాతకాలపు రైతు వాన పడిన వెంటనే గుంటక పాసేది ఇందుకే. పైన వదులు మట్టి పొర కప్పితే కింది తడి నిలుస్తుంది. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని చేసే ఎద్దులు తగ్గాయి, ఆ పని కూడా తగ్గింది.

పంటల సంగతీ అంతే. ఒకప్పుడు ఇక్కడ ముంగారి పత్తిని కొర్రతో కలిపి వేసేవారు. హింగారికి, అంటే రబీకి, నల్లరేగడిలో జొన్న, శనగ. వేరుశనగలో కంది, ఆముదం సాళ్లు పడేవి. ఒక పంట బెట్టకు పోతే ఇంకోటి నిలిచేది. ఎత్తుగా పెరిగే జొన్న, కంది సాళ్లు పక్కనున్న పొట్టి పైరుకు గాలి అడ్డుగా కూడా ఉండేవి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చేను చేనంతా ఒకే పంటయింది. ఆదోని మార్కెట్ యార్డు పత్తికి రాష్ట్రంలోనే పేరున్నది కాబట్టి రైతు అటే మొగ్గాడు, దానికి అతన్ని తప్పుపట్టను. కానీ ఒకే పంట, ఒకే విత్తు తేదీ అంటే ఒక్క జూలై గాలికి మొత్తం చేను పందెం కాయడమే. ఆ పందెం ఓడిన ఏడు దసరా వెళ్లాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. తాళం వేసిన ఇళ్ల ముందు ముసలివాళ్లు మిగులుతారు, మిగతావారు కొన్నిచోట్ల బడి మానేసిన పిల్లలతో సహా గుంటూరు మిరప కోతలకు బండ్లు కడతారు. కాయ తెంపి తెంపి మంటెక్కిన వేళ్లతో ఉగాదికి తిరిగొస్తారు.

ఎమ్మిగనూరు నేతవారికి ఈ గాలి వేరే రకంగా తెలుసు. 1938లో మాచాని సోమప్ప గారు సహకార సంఘం పెట్టి ఈ ఊరి నేతకు దేశంలో పేరు తెచ్చారు. ఆ పేరు వెనక గాలితో రోజూ చేసిన బేరం ఉంది. వీధిలో పడుగు చాచి గంజి పట్టించి, కుంచెతో దువ్వే పని తెల్లవారుజామున గాలి లేవకముందే ముగియాలి. గాలి లేచిందంటే ఒక పక్క గంజి ముందే ఆరి పోగులు అతుక్కుంటాయి, దువ్వితే తెగుతాయి. గుంట మగ్గంలో నేల చెమ్మ పోగును కాపాడుతుంది. ఆషాఢంలో ఆ చెమ్మ కూడా చాలక పోగు మీద తడిగుడ్డ కప్పాల్సి వస్తుంది. గాలి వేగం, గాలిలో తేమ కలిపి చదవడం ఈ పనివారికి ఏ పుస్తకం చెప్పకుండానే వచ్చు. మన కళాశాలల్లో వాతావరణం చదివే పిల్లలు ముందు వారి దగ్గర కూర్చోవాలి.

ఏం చేయాలన్న దానికి వస్తాను. బ్రిటిష్ కాలం నుంచే తాలూకా కచేరీల్లో వాన లెక్క ఉంది. గాలికి అలాంటి పొడుగాటి లెక్క మన ఊళ్లలో లేదు. ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వచ్చాయి. వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే జిల్లా వ్యవసాయ సలహాలో గాలి దిక్కు, వేగం కూడా ఉంటాయి. మనం వాన వరస చదివి కాగితం పక్కన పెడుతున్నాం. ప్రతి రైతు సేవా కేంద్రం బోర్డు మీద నిన్నటి వాన పక్కనే నిన్నటి గాలి, రాబోయే అయిదు రోజుల గాలి రాస్తే చాలు. జోరు గాలి అయిదు రోజులుంటుందని తెలిసిన రైతు విత్తనం సంచి విప్పడానికి ఆగుతాడు, లేదా విత్తిన చేనులో ముందే గుంటక పాసుకుంటాడు. ఎమ్మిగనూరు పక్కనే బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఏ గాలికి ఏ నేలలో పదును ఎన్ని రోజులు నిలుస్తోందో వారు మన చేలల్లోనే కొలిచి చెప్పగలరు. పొలం గట్ల మీద ఉత్తర దక్షిణాలుగా వేప, కానుగ వరసలు పెంచితే పడమటి గాలికి అడ్డు నిలుస్తాయి. ఉపాధి హామీ పనుల్లో గట్టు చెట్లకు చోటుంది, దిక్కు చూసి నాటడమే కావలసింది.

చివరగా సర్కారుతో మాట్లాడాల్సినది. 2016 నాటి కేంద్ర కరువు మార్గదర్శకాల్లో వాన లోటు, ఎండు రోజుల విడత, విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పైరు పచ్చదనం, నేల తడి వంటివి ఉన్నాయి. గాలి, అది లాగేసే ఆవిరి నేరుగా ఒక కొలమానంగా లేవు. ఎండు రోజుల లెక్కలో మధ్యన పడిన నాలుగు చినుకులు ఒక మండలాన్ని జాబితాలోంచి తప్పించగలవు. ఆ నాలుగు చినుకులను మర్నాటి గాలి మధ్యాహ్నానికే ఆరబెట్టేసిన సంగతి ఎక్కడా నమోదు కాదు. ఇది పడమటి కర్నూలుకు జరుగుతున్న అన్యాయం. కనుమల వాననీడలో ఉన్న బళ్లారి, అనంతపురం, రాయచూరు మెట్ట ప్రాంతాలకు కూడా అంతే. వీరందరితో కలిసి అడిగితే మాటకు బరువు ఉంటుంది. గ్రామసభల్లో, రైతు సంఘాల్లో తీర్మానం చేయండి. కరువు మండలాన్ని తేల్చేటప్పుడు వాన లోటుతో పాటు ఆ రోజుల గాలి వేగాన్నీ, ఆవిరి నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలని రాయండి. మీ మండలంలోని ఆటోమేటిక్ కేంద్రం అంకెలు తీసుకొని దానికి జత చేయండి. వచ్చే మృగశిర కార్తె లోపు ఆ కాగితాలు కర్నూలు కలెక్టరేటుకూ, అమరావతికీ చేరాలని ఈ సభ తరఫున మిమ్మల్ని కోరుతున్నాను.